గంగ అని పిలిచిన గొంతు

జమున కామారెడ్డి పాత బస్టాండు దగ్గర యాకూబు నడిపే ఇంటర్నెట్ సెంటర్లో పనికి కుదిరి ఏడాది దాటింది. ఎల్లారెడ్డి పక్క తండా నుంచి పొద్దున బస్సుకు వచ్చేది, సాయంత్రం బస్సుకు వెళ్లేది. హాల్ టికెట్లు తీసివ్వడం, ఉద్యోగాల దరఖాస్తులు నింపడం ఆమె పని. యాకూబు ఆమెను బేటీ అనేవాడు. వచ్చినవాళ్లు మేడమనో, చెల్లె అనో పిలిచేవాళ్లు. అసలు పేరుతో అక్కడ ఎవరికీ అవసరం పడలేదు.

గిరాకీ లేనప్పుడు ఖాళీగా కూర్చోవడం జమునకు చేతకాదు. చిన్న వ్యాపారం ఎట్లా నడపాలో, సరుకు సంగతి నలుగురికి ఎట్లా తెలియజేయాలో ఇంటర్నెట్లో ఎవరెవరో రాసిపెట్టినవి వెతికి చదివేది. ఇంగ్లీషు ముక్క అర్థం కాకపోతే మళ్లీ మొదటి నుంచి చదివేది. ఆమె తల్లి పేరు తారి. తారి అద్దాలు, గవ్వలు పెట్టి కుట్టే సంచులు చూస్తే ఎవరికైనా కళ్లు చెదురుతాయి. కానీ ఎల్లారెడ్డి అంగట్లో వాటిని అడిగే నాథుడు లేడు. బయటి ఊళ్లవాళ్లకు చూపిస్తే కొంటారని జమున ఆశ.

చదివినదంతా ఒక్కొక్కటే చేసి చూసింది. సంచుల ఫొటోలు పొద్దుటి ఎండలో తీసింది. ఉచితంగా ప్రకటనలు వేసుకునే సైట్లో పెట్టింది. ఎక్కడో చదివిన ఒక చిట్కా ఆమెకు మరీ నచ్చింది. ఒక్కో ప్రకటనలో ఒక్కో పేరు ఇవ్వాలట. ఫోన్ చేసినవాళ్లు ఏ పేరు అడిగితే ఆ ప్రకటన చూసి వచ్చారని తెలిసిపోతుందట. అందుకని సైట్లో తన పేరే ఇచ్చింది. యాకూబును అడిగి సెంటర్లోని కంప్యూటర్లు తెరవగానే కనపడేలా సంచుల బొమ్మ పెట్టి, కింద తన ఫోన్ నంబరు, గంగ అనే పేరు రాసింది. గంగ ఆమె చిన్నమ్మ పేరు.

మొదట్లో ఫోన్ చేసినవాళ్లంతా జమున ఉందా అనే అడిగారు. ధర కనుక్కుని పెట్టేసేవాళ్లు. తరువాత ఒకరోజు, సాయంత్రం ఇంటికి పోయే బస్సులో ఉండగా కొత్త నంబరు నుంచి ఫోన్ మోగింది.

"సంచులు కావాలెనా అన్నా?" అంది జమున.

"సంచులు ఎవలికి గావాలె?" గొంతు గుసగుసగా ఉంది. "ఆకుపచ్చ చున్నీ నీకు మంచిగున్నది."

జమున తల దించి చూసుకుంది. ఆకుపచ్చదే. చెయ్యి దానంతటదే చున్నీని లోపలికి లాక్కుంది. బస్సులో ముందూ వెనకా చూసింది. అందరూ ఎవరి లోకంలో వాళ్లున్నారు.

ఆ నంబరును ఎత్తడం మానేస్తే వేరే నంబరు నుంచి చేశాడు. ఒకసారి, "లింగంపేట దాటినంక బస్సు ఖాళీ అయితది గదా, భయం గాదా?" అన్నాడు. ఇంకోసారి ఏమీ మాట్లాడకుండా ఊపిరి మాత్రమే వినిపించాడు. జమునకు అన్నం సయించకుండా పోయింది. సైట్లోని ప్రకటన తీసేసింది. తీసేసినా, వెతికితే నంబరు ఎక్కడో ఒకచోట కనపడుతూనే ఉంది. ఏ పట్నంలోనో కూర్చున్న పోకిరీ అయి ఉంటాడని తనకు తానే చెప్పుకుంది. మరి చున్నీ రంగు పట్నానికి ఎట్లా తెలిసింది? ఆ ప్రశ్న దగ్గర ఆలోచన ఆగిపోయేది.

ఇంట్లో చెప్పలేదు. తండ్రి దేవీసింగ్‌కు తెలిస్తే మర్నాటి నుంచి పత్తి చేనుకే.

"ఏమైందే? మొఖం గిట్ల పీక్కపోయింది?" అని తారి అడిగింది.

"ఏం లేదు యాడీ. కంప్యూటర్ చూసి చూసి తలకాయ నొస్తున్నది." తండాలో తల్లిని అట్లాగే పిలుస్తారు. తారి బిడ్డ తల మీద చెయ్యి వేసి కాసేపు అట్లాగే ఉంచింది.

ఒక మధ్యాహ్నం యాకూబు నమాజుకు వెళ్లాడు. సెంటర్లో చివరి క్యాబిన్లో తప్ప ఎవరూ లేరు. అందులో ఉన్నది గంగారాం. భిక్నూరు నుంచి ఉద్యోగాల ప్రకటనలు చూసుకోవడానికి వస్తాడు. తలెత్తి మాట్లాడడు. అతని దరఖాస్తులు జమునే నింపేది. ఫ్యాన్లు గరగరలాడుతుండగా ఫోన్ మోగింది. ఏ మంచి గిరాకీయో అనుకుని ఎత్తింది.

"గంగా..." అంది ఆ గొంతు.

గంగ. ఆ పేరు ఇంటర్నెట్లో ఎక్కడా లేదు. ఈ గదిలోని కంప్యూటర్ల మీద తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు.

అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. బల్ల కింది యూపీఎస్ పెట్టె కీచుమంది. అదే కీచు, అదే క్షణంలో, ఫోన్లో ఆమె చెవికి వినిపించింది. మళ్లీ కీచుమంది, మళ్లీ రెండు చోట్లా.

"ఏంది, మాట్లాడవేంది?" గుసగుస ఫోన్లోంచీ వచ్చింది, చివరి క్యాబిన్లోంచీ వచ్చింది.

క్యాబిన్ చెక్కల సందులో ఒక కన్ను తననే చూస్తున్నట్టు అనిపించింది. ఇప్పుడు ఫోన్ పెట్టేస్తే తనకు తెలిసిపోయిందని వాడికి తెలిసిపోతుంది. వాడికీ తనకూ మధ్య నాలుగు కుర్చీలు తప్ప ఏమీ లేవు.

"హలో... ఇనిపిస్తలేదు... సిగ్నల్ లేదు" అంది జమున గట్టిగా. సిగ్నల్ కోసం అందరూ చేసినట్టే లేచి, ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, నెమ్మదిగా గుమ్మం వైపు నడిచింది. వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. తిరిగి చూడలేదు. మెట్టు దిగి, రెండు చేతులతో షట్టర్ అంచు పట్టుకుని, ఒంటి బరువంతా వేసి కిందికి గుంజింది. గొళ్లెం పడేసరికి లోపల నుంచి ఇనుప రేకు మీద దబదబా దెబ్బలు.

"చెల్లే! తియ్యి చెల్లే! నేనేం చేసిన?"

జమున గొళ్లెం వదల్లేదు. పక్క దుకాణాలవాళ్లు ఉరికివచ్చారు. నమాజు ముగించుకొచ్చిన యాకూబు సంగతి విని షట్టర్ ఎత్తనివ్వలేదు. "పోలీసులు వచ్చినంకనే. నువ్వు కూసో బేటీ, నీళ్లు తాగు" అన్నాడు. పోలీసులు వచ్చి వెతికితే గంగారాం జేబులో రెండు ఫోన్లు, చొక్కా చేతి మడతలో ఇంకో సిమ్ దొరికాయి.

కేసయింది. కొన్నాళ్లకు బెయిలు మీద బయటికి వచ్చాడు. దేవీసింగ్ పని మానమన్నాడు. తారి ఒప్పుకోలేదు. "దొంగ దొరికితే మనమెందుకు దాక్కోవాలె?" అని కుట్టుపని మూట కట్టుకుని తానూ బిడ్డతో బస్సెక్కింది. కౌంటర్ పక్కన కింద కూర్చుని రోజంతా కుట్టేది.

ఒక సాయంత్రం ఇద్దరూ బస్టాండులో నిలబడి ఉండగా, ఎదుటి టీ కొట్టు దగ్గర గంగారాం కనిపించాడు. చూడనట్టు తల తిప్పుకున్నాడు. ఎల్లారెడ్డి బస్సు వచ్చింది. ఎక్కాక జమున ఒక్కొక్క సీటూ, ఒక్కొక్క ముఖమూ చూస్తూ చివరిదాకా నడిచి వచ్చి, అప్పుడు గానీ తల్లి పక్కన కూర్చోలేదు.

బస్సు కదులుతుండగా ఫోన్ మోగింది. కొత్త నంబరు. జమున దాని వైపు చూస్తూ ఉండిపోయింది. తారి బిడ్డ ఒళ్లోంచి దాన్ని తీసుకుని, ఏ మీట నొక్కాలో సైగతో అడిగింది.

"ఎవలు? సంచుల గురించేనా?" అంది తారి, బస్సు మోతకు గొంతు పెంచి. అవతల ఎవరో ఆడమనిషి గొంతు. "ఆఁ, నేనే కుడత. చెప్పమ్మా."

జమున కిటికీ వైపు జరిగి ఆ మాటలు విన్నది. చెయ్యి మాత్రం లింగంపేట దాటేదాకా తల్లి కొంగును వదల్లేదు.