ముప్పై ఒకటో సెకను

2017 జనవరి 11, బుధవారం, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలు. నరసరావుపేటలో మంచు ఎనిమిదింటికే విడిపోయింది. ఆకాశంలో మబ్బు లేదు. ఎండ పలచగా ఉంది. ఉత్తరపు గాలి దండెం మీది బట్టల అంచులను కదిలించేపాటిగా మాత్రమే వీస్తోంది. మసీదు వెనక సందులో, తన ఇంటి వెనక గదిలో, మైమూనా పాత కంప్యూటర్ మీద కప్పిన గుడ్డ తీస్తుండగా మేనకోడలు ఫర్హీన్ ఫోనులో చదివిన వార్త చెప్పింది. వీడియోలు కూర్చే మూవీ మేకర్‌ను నిన్నటితో ఆపేశారట. కంపెనీ సైటులో ఇక దొరకదట.

"మన దాంట్లో ఉంది గదా, అది చాలు," అంది మైమూనా. ఆమె మనసు వార్త మీద లేదు. పది గంటలకు అబ్దుల్ రహీమ్ వస్తానని కబురు పంపాడు. ఎందుకు వస్తున్నాడో ఆమెకు తెలుసు. అతను తన మాట నమ్మకుండా వెనక్కి వెళితే, పదమూడేళ్ళుగా తాను చేస్తున్న పని ఆ పూటతో ముగుస్తుందనీ తెలుసు.

ఆ పని ఆమె చేతికి వచ్చిన తీరు ఇది. మూవీ మేకర్ అనే ఆ ప్రోగ్రామ్ 2000లో ఒక విండోస్‌తో పాటు తొలిసారి వచ్చింది, మరుసటి ఏడు ఎక్స్‌పీతో మళ్ళీ వచ్చింది. దానికి ధర లేదు. కంప్యూటర్ కొన్న ప్రతివాడి ఇంటికీ అది అడగకుండానే చేరింది, చాలామందికి చేరినట్టు కూడా తెలియలేదు. మైమూనా అప్పట్లో బీఎస్సీ ముగించి ఒక కంప్యూటర్ సెంటర్లో ఆడపిల్లలకు టైపింగ్ నేర్పేది. 2003లో ఒక మధ్యాహ్నం కరెంటు ఉండి విద్యార్థులు లేని సమయంలో మెనూలన్నీ వరుసగా తెరిచి చూస్తూ దాన్ని కనిపెట్టింది. వీడియో ముక్కలు తెచ్చి తెర అడుగున ఉండే పట్టీ మీద పేర్చడం, మధ్యలో పేజీ తిరిగినట్టో హృదయాకారం విచ్చుకున్నట్టో పెట్టడం, పేర్లు వేయడం ఆమె వారం రోజుల్లో సొంతంగా నేర్చుకుంది.

మరుసటి సంవత్సరం ఊళ్ళో ఒక స్టూడియో వాళ్ళు ఒక ముస్లిం ఇంటి పెళ్ళిలో ఆడవాళ్ళ వైపు తీసిన వీడియోను, పనితనం చూపించుకోవడానికి, షాపు ముందు టీవీలో వేశారు. దానితో గోషా పాటించే కుటుంబాలు ఆడవాళ్ళ వైపు కెమెరాను రానివ్వడం మానేశాయి. పెళ్ళికూతురి మెహందీ, పాటలు, అత్తగారిని ఆటపట్టించే మాటలు ఏవీ మిగలకుండా పోతున్నాయని ఆడవాళ్ళు లోలోపల బాధపడ్డారు. అప్పుడు మైమూనా భర్త ఖాదర్ వలి, మోటార్లకు వైండింగ్ చేసే మనిషి, ఒక అసెంబుల్డ్ కంప్యూటర్, ఒక టేపు కెమెరా తెచ్చి ఇంట్లో పెట్టాడు. తీసేదీ ఆడమనిషే, కూర్చేదీ ఆడమనిషే అని తెలిసేసరికి పిడుగురాళ్ళ నుంచీ మాచర్ల నుంచీ కూడా పిలుపులు వచ్చాయి.

ఆమె పెట్టిన షరతులు మూడు. డిస్కులు రెండే, ఒకటి అబ్బాయి ఇంటికి, ఒకటి అమ్మాయి ఇంటికి. ఇచ్చిన పదిహేను రోజులలోపు మార్పులేవైనా ఉంటే చెప్పాలి. ఆ తరువాత ఆమె కంప్యూటర్‌లోని ముక్కలన్నీ చెరిపేసి, కెమెరా మూత తీయకుండా టేపు మీద మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ రికార్డు చేసి, దాని మీద చీకటి నింపేది. మిగిలేది ప్రాజెక్టు ఫైలు ఒక్కటే. అందులో బొమ్మ ఉండదు. ఏ ముక్క తరువాత ఏ ముక్క, దాని పేరేమిటి, అది ఎక్కడ ఉండేది అన్న వరుస మాత్రమే ఉంటుంది. అదే ఇంట్లో మళ్ళీ పెళ్ళి జరిగినప్పుడు ఏ మేనత్తను ముందు చూపించాలో, ఏ వదినను తరువాత చూపించాలో తప్పకుండా ఉండడానికి ఆమె వాటిని దాచుకునేది.

తరువాత ప్రోగ్రామ్ మారింది. 2007లో వచ్చిన రూపం ఆమె కంప్యూటర్ మీద నడవలేదు. 2009లో వచ్చిన దాన్ని విడిగా డౌన్‌లోడ్ చేసుకోవలసి వచ్చింది. అందులో పాటనూ బొమ్మనూ వేర్వేరు వరుసల్లో పేర్చుకునే పట్టీని తీసేశారు. ఆమె పాతదాన్నే పట్టుకుని ఉండిపోయింది. ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీగ ఒక్కరోజు కూడా తగిలించలేదు.

అబ్దుల్ రహీమ్‌కు గుంటూరు రోడ్డులో టైర్ల షాపు ఉంది. నలుగురూ మాట వినే మనిషి. అతని కొడుకు షాహిద్‌కు మాచర్ల అమ్మాయి తస్లీమ్‌తో నవంబరు 20న పెళ్ళయింది. డిసెంబరు 4న మైమూనా రెండు ఇళ్ళకూ డిస్కులు ఇచ్చింది, 19న అన్నీ చెరిపేసింది. జనవరి 8న తస్లీమ్ తల మీద కొంగు లేకుండా, చేతులకు గోరింటాకుతో, వదినలతో కలిసి ఆడుతున్న యాభై రెండు సెకన్ల వీడియో వాట్సాప్‌లో ఊరంతా తిరిగింది. రహీమ్ ఆ సాయంత్రమే ఫిబ్రవరిలో పెళ్ళిళ్ళు పెట్టుకున్న మూడిళ్ళకు వెళ్ళి, మైమూనాను పిలవవద్దని చెప్పాడు. మూడిళ్ళవాళ్ళూ మానుకున్నారు.

పది గంటలకు అతను భార్య హఫ్సాతో వచ్చాడు. చెప్పులు విడిచి వసారాలో కుర్చీ మీద కూర్చున్నాడు. మంచినీళ్ళు ఇస్తే పక్కన పెట్టాడు. కోడలు మూడు రోజులుగా అన్నం సరిగా తినలేదనీ, షాహిద్ షాపుకు రావడం లేదనీ, మాచర్ల వాళ్ళకు మొహం చూపించలేకపోతున్నాననీ గొంతు పెంచకుండానే చెప్పాడు. తమ డిస్కు బీరువాలో ఉందనీ, తాళంచెవి తన మొలతాడుకే ఉందనీ, ఆడవాళ్ళు చూస్తామంటే తానే తీసిచ్చి మళ్ళీ లోపల పెడతాననీ అన్నాడు.

"మాచర్ల వాళ్ళు సొంత బిడ్డను బయట పెట్టుకోరు. ఇంక మిగిలింది నువ్వే గదమ్మా," అన్నాడు. "ఉచితంగా వచ్చిన దాంతో మొదలుపెట్టావు, మేమంతా పెద్దదాన్ని చేశాం. నువ్వు తుడిచేశావని నేనెట్టా నమ్మేది?"

"లోపలికి రండి బాబాయ్, చూద్దురుగాని."

అతను కదలలేదు. ఆడవాళ్ళ వైపు వీడియోను అతను ఎన్నడూ చూడలేదు. బీరువాలోని డిస్కునూ చూడలేదు, ఫోన్లలో తిరిగినదాన్నీ చూడలేదు. అందులో తనకు పరాయి అయిన ఆడవాళ్ళుంటారు గనుక చూడకూడదని అతని పట్టుదల.

"అందులో ఎవరూ ఉండరు. అందుకే రమ్మంటున్నా," అంది మైమూనా.

అతను గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. ఆమె షాహిద్ పెళ్ళి ప్రాజెక్టు తెరిచింది. తెర మీద గళ్ళు వరుసగా పరుచుకున్నాయి. బొమ్మ ఉండవలసిన ప్రతి గడిలో ఎర్రటి అడ్డగుర్తు ఉంది. గడి కింద పేర్లున్నాయి: మెహందీ ఒకటి, మెహందీ రెండు, పెద్ద మేనత్త పాట, మాచర్ల వదినలు. ముక్క ఉన్నచోట లేకపోతే ప్రోగ్రామ్ ఈ గుర్తు వేస్తుందని ఆమె చెప్పింది. రెండు వందల పద్నాలుగు గళ్ళనూ నిదానంగా జరిపి చూపించింది. ఒక్కదానిలోనూ బొమ్మ లేదు.

రహీమ్ చివరిదాకా చూశాడు. "ఈడ లేకపోతే ఇంకోచోట దాచి ఉండొచ్చు గదా?"

మైమూనా మేనకోడలి వైపు చూసింది. ఫర్హీన్ ఎంసీఏ చదివింది.

"దాచి ఉండొచ్చు తాతయ్యా," అంది ఫర్హీన్. "ఈ గుర్తు ఇక్కడ లేవనే చెప్పుద్ది. ఎక్కడా లేవని చెప్పలేదు."

అత్తను కాపాడవలసిన పిల్ల అలా అనడం రహీమ్ ఊహించలేదు. అతను తలూపి, వసారాలోకి వెళ్ళి కూర్చున్నాడు. మైమూనాకు మేనకోడలి మీద కోపం రాలేదు. తానైనా అదే చెప్పేది. అయితే ఇప్పుడు చేతిలో ఏమీ లేదు. ఒకటే మిగిలింది. ఆ వీడియోను తాను ఇంతవరకూ చూడలేదు. హఫ్సాను లోపలికి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, ఫోనులో ఉంటే చూపించమంది.

"ఏందే, నీకు తెలవని వీడియోనా?" అంది హఫ్సా. అయినా చూపించింది. పొరుగింటావిడ పంపితే ఏడుస్తూ దాచుకున్నదట.

మైమూనా కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకుని చూసింది. పద్దెనిమిదో సెకనులో హృదయాకారం విచ్చుకుని ఒక పాట పోయి మరో పాట వచ్చింది. అంటే ఇది కూర్చిన తరువాతి వీడియో, టేపు మీది ముడి ముక్క కాదు. ఇది తనకు మేలు చేసే సంగతి కాదని ఆమెకు అర్థమైంది, కూర్చిన వీడియో ఒకప్పుడు తన దగ్గరా ఉండేది. ముప్పై ఒకటో సెకనులో తస్లీమ్ చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది. బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగింది. పాట ఒక ముక్క ఎగిరిపోయి, ఆట మళ్ళీ సాగింది.

"ఫోను పాతదయ్యిందా పిన్నమ్మా? ఇక్కడ ఆగింది."

"ఫోనుది కాదులే. ఆడ మా ఇంట్లో టీవీలో కూడా ఆగిద్ది. మనవడు ఉన్నాడుగా, డిస్కు తీసి నేల మీద బండి తోలినట్టు తోలాడు. గీత పడింది. అప్పటినుంచీ ఆ పాట కాడికి వచ్చేసరికి..."

హఫ్సా అంతటితో ఆగింది. గీత ఎప్పుడు పడిందని మైమూనా అడిగింది. క్రిస్మస్ సెలవులకు కూతురి పిల్లలు వచ్చినప్పుడు అని హఫ్సా చెప్పింది. అంటే తన దగ్గర అన్నీ చెరిగిపోయిన తరువాత. అయినా మైమూనాకు ఇంకొకటి తేలాలి. మాచర్లకు ఫోను చేయించి, తస్లీమ్ తల్లి చేత వాళ్ళ డిస్కు పెట్టించింది. పది నిమిషాల తరువాత ఆవిడ చెప్పింది: పాట ఎక్కడా ఆగలేదు, చక్కగా వచ్చింది.

ఇక లెక్క ఒకటే. వీడియో గీత పడిన డిస్కు నుంచే వెళ్ళింది. గీత పడిన డిస్కు ఒక్కటే ఉంది. దాని తాళంచెవి ఒకరి మొలతాడుకే ఉంది.

"పిన్నమ్మా, డిస్కు ఇల్లు దాటిందా?"

హఫ్సా గోరింటాకు పోయిన తన గోళ్ళవైపు చూసుకుంది. తరువాత చెప్పింది. విజయపురి సౌత్‌లో రహీమ్ పెద్దక్క మంచాన పడి ఉంది, పెళ్ళికి రాలేకపోయింది. ఆమె దగ్గర డిస్కు ఆడించే పెట్టె లేదు, ఫోను మాత్రం ఉంది. డిసెంబరు 30న రహీమే డిస్కు పట్టుకుని బస్టాండు దగ్గర ఒక సెల్ షాపులో మెమరీ కార్డులోకి ఎక్కించుకుని వచ్చాడు.

మైమూనా లేవలేదు. ఆ మాట తాను వసారాలోకి వెళ్ళి చెబితే తన పని నిలబడుతుంది. కానీ అతను ఒక పెద్దమనిషి, కోడలి దగ్గర తల దించుకోవలసి వస్తుంది. హఫ్సా ఆమె మొహం చూసి, "నువ్వు కూర్చో. నేను చెబుతా," అని కొంగు సర్దుకుని బయటకు వెళ్ళింది. తలుపు పూర్తిగా వేయలేదు గనుక అన్నీ వినబడ్డాయి.

రహీమ్ మొదట కోప్పడలేదు. ఆశ్చర్యపోయాడు.

"అదెట్టా? నేను ఆడే కూర్చున్నాను. తెర ఆర్పించి మరీ ఎక్కించాను. వాడు చూళ్ళేదు, నేనూ చూళ్ళేదు. కుర్చీ కూడా దిగలేదు."

అది నిజమే. మానిటర్ కట్టేయిస్తేనే డిస్కు ఇస్తానని అతను షాపులో పట్టుబట్టాడు. నలభై నిమిషాలు నల్లటి తెర వైపు చూస్తూ కాపలా కాశాడు. ఎవరూ చూడలేదు గనుక ఏమీ మిగల్లేదని అతని నమ్మకం. అందుకే, ఊరంతా గగ్గోలు పడినప్పుడు కూడా, ఆ షాపు అతనికి ఒక్కసారైనా గుర్తుకు రాలేదు.

ఫర్హీన్ వసారాలోకి వెళ్ళి నేల మీద కూర్చుని నెమ్మదిగా చెప్పింది. డిస్కులోది నేరుగా కార్డులోకి పోదు. ముందు ఆ కంప్యూటర్‌లోకి వస్తుంది, తరువాత కార్డులోకి వెళుతుంది. తెర వెలిగినా ఆరినా కంప్యూటర్‌లోది అక్కడే ఉంటుంది. ఎవరైనా కావాలని చెరిపితే తప్ప పోదు. అత్తయ్య అందుకే ప్రతిసారీ చెరుపుతుంది.

రహీమ్ లోపలి గది వైపు చూశాడు. తెర మీద ఎర్ర గుర్తులు ఇంకా కనబడుతూనే ఉన్నాయి. పక్కన పెట్టిన మంచినీళ్ళు తీసుకుని తాగాడు. గ్లాసు కింద పెట్టి, లేచి చెప్పులు వేసుకున్నాడు.

"ఆ మూడిళ్ళకూ నేనే చెప్పొచ్చాను. నేనే మళ్ళీ చెప్పొస్తా," అన్నాడు. "ఏం చెప్పాలో చెప్పు మైమూనా."

"జరిగింది చెప్పండి బాబాయ్. నా పేరు మాత్రం తీసెయ్యండి, చాలు."

అతను ముందు సెల్ షాపుకు వెళ్ళాడు, ఫర్హీన్‌ను వెంట రమ్మన్నాడు. షాపు కంప్యూటర్‌లో ఆ పెళ్ళితో పాటు మరో పదకొండు ఇళ్ళ వీడియోలు కనబడ్డాయి. ఫర్హీన్ అక్కడే నిలబడి, ఈసారి తెర వెలిగించి, అన్నిటినీ చెరిపించింది. ఫోన్లలోకి పోయినదాన్ని ఎవరూ వెనక్కి తీసుకురాలేకపోయారు. సాయంత్రం రహీమ్ మూడిళ్ళకూ నడిచి వెళ్ళి, తప్పు తనదేనని చెప్పాడు. రెండిళ్ళవాళ్ళు మైమూనాను మళ్ళీ పిలిచారు. మూడో ఇంటివాళ్ళు అప్పటికే కెమెరా లేకుండా పెళ్ళి చేయాలని నిర్ణయించుకున్నారు, మార్చుకోలేదు. తస్లీమ్ నెల రోజులు పుట్టింట్లో ఉండి తిరిగి వచ్చింది.

పాత కంప్యూటర్ 2019 మే ఎండల్లో ఆగిపోయింది. ప్రాజెక్టు ఫైళ్ళను ఫర్హీన్ ముందే వేరేచోట భద్రపరిచింది గాని, వాటిని తెరిచే ప్రోగ్రామ్ ఆ ఇంట్లో మరే కంప్యూటర్‌లోనూ లేదు. వరుసలను మైమూనా ఒక నోటుబుక్కులోకి చేత్తో ఎక్కించుకుంది.

2024 జూన్ 9, ఆదివారం నాడు అబ్దుల్ రహీమ్ కూతురి వైపు మనవరాలి పెళ్ళి జరిగింది. ఆడవాళ్ళ వైపు వీడియో ఫర్హీన్ తీసింది. గుమ్మం బయట తట్ట పెట్టుకుని కూర్చుని, లోపలికి వెళ్ళే ఆడవాళ్ళ దగ్గర ఫోన్లు తీసుకుని చీటీలు రాసిచ్చింది రహీమే. ఆ రోజు నూట ముప్పై తొమ్మిది ఫోన్లు వచ్చాయి.