ఇరవైకి నాలుగు తక్కువ

మొజిసోలా టీచర్‌కి ఆ పాఠం పేరెత్తితేనే ఒళ్ళు బరువెక్కేది. ఒగ్బొమోషో ఊరి బడిలో ఏళ్ళ తరబడి తమ యొరుబా భాషలో అంకెలు నేర్పిన మనిషి, పోయిన ఏడు మాత్రం పక్క క్లాసు టీచర్‌ని బతిమాలి ఆ గంట ఆవిడ నెత్తిన పెట్టింది. ఈ ఏడు ఆవిడకి బదిలీ అయింది. రేపు, ఎల్లుండి అంటూ వారంగా నెట్టుకొస్తే, నిన్న హెడ్మిస్ట్రెస్ మెత్తగానే అడిగింది. మెత్తగా అడిగితేనే మరీ విసుగు.

సంగతేమిటంటే, ఆ అంకెల్లో పదహారు ఉంది. ఆమె కూతురు ఇబిరోంకె వానల్లో జ్వరమొచ్చి పదహారేళ్ళకే పోయింది. పరామర్శకి వచ్చినవాళ్ళు వయసడిగితే ఇంగ్లీషులో 'సిక్స్‌టీన్' అని ముక్తసరిగా చెప్పి ఊరుకునేది. సొంత భాషలో ఆ మాట అప్పట్నుంచీ నోట రాలేదు. ఇవాళా రాకపోతే ఇక ఈ ఉద్యోగమెందుకు అనుకుంటూ బోర్డు ముందు నిలబడింది.

పద్నాలుగు దాకా పిల్లలు గడగడా అప్పజెప్పారు. టీచర్ పదిహేను చెప్పగానే, ఈ టర్మ్‌లోనే చేరిన అసాకె చెయ్యెత్తింది. "ఇందాకటిదాకా పదికి కలుపుకుంటూ వచ్చాం కదా టీచర్, పదిహేను దగ్గర ఎందుకిలా అడ్డం తిరిగింది?"

పాడు పిల్ల, సరిగ్గా అక్కడే పట్టుకుంది. మొజిసోలా నీరసంగా సుద్దముక్క అందుకుంది. వెనకటివాళ్ళు గవ్వల్ని ఇరవైకో కుప్ప పోసేవారంటారని చెప్పింది. పద్నాలుగు దాటాక చేతిలో ఉన్నవాటి మీద కాదు, కుప్ప నిండటానికి కావలసినవాటి మీదే వాళ్ళ చూపు. అందుకే పదిహేనంటే ఇరవైకి ఐదు తక్కువ. పదహారుకి, మెరిన్ అంటే నాలుగు, దిన్ అంటే తక్కువ, ఒగున్ అంటే ఇరవై అని విడదీసి రాసింది గానీ కలిపి చదవలేదు.

తర్వాత అన్నల, అక్కల వయసులు ఇలాగే చెప్పమంది. తన అన్నకి ఐదు తక్కువ, బుర్ర ఇంకా తక్కువ అని ఒకడు నవ్వించాడు. "మరి మీ అమ్మాయికెన్నేళ్ళు టీచర్?" అంది అసాకె. పక్కపిల్ల మోచేత్తో పొడిచింది.

మొజిసోలాకి కోపం రాలేదు. కోపానికి కూడా ఓపిక ఉండాలి.

"మెరిన్‌దిన్‌లోగున్," అంది.

"అంటే ఇంకా నాలుగు తక్కువన్నమాట."

"అవునే తల్లీ. తక్కువే."

దేవుడి దగ్గరికెళ్ళిందనీ, బంగారంలాంటి పిల్లనీ అందరూ అన్నారే గానీ, తక్కువైందని ఒక్కరూ అనలేదు. మొజిసోలా సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది. పదిహేడు నుంచి ఇంకా చెప్పాల్సే ఉంది. పిల్లలు ఆమె కోసం ఆగలేదు. మూడు తక్కువ, రెండు తక్కువ, ఒకటి తక్కువ అనుకుంటూ ఇరవై దాకా వెళ్ళిపోయారు.