కాశిం పళ్ల గాట్లు

నేను ఒక స్క్రూడ్రైవర్ని. మూరెడు ఇనుప కమ్మీ, దానికి తుమ్మ చెక్క పిడి, ఇంతే నా అందం. అద్దంకి కమ్మరి ఒకాయన పాత జీపు కమ్మీని కాల్చి, సాగగొట్టి నన్ను చేశాడు. మొదట సైకిళ్ల ఆదెయ్య దగ్గర పనిచేశాను. ఆయన పోయేముందు నన్ను శిష్యుడు కాశిం చేతిలో పెట్టాడు. అప్పటినుంచి ముప్పై ఏళ్లుగా బస్టాండు పక్క రేకుల కొట్లోనే నా కాపురం.

మరలు తిప్పడం నాకు చిన్న పని. నా గొప్పంతా వినడంలో ఉంది. సైకిలు వింతగా మోగుతోందంటే కాశిం దానికి స్టాండు వేసి, పెడలు తిప్పుతూ, నా మొనను ఇరుసుకి ఆనించి పిడిని చెవికి పెట్టుకునేవాడు. పెడళ్లతో పాటు మోగితే వాటి మధ్య ఇరుసు, రెండు మూడు చుట్లకొకసారి మోగితే చెయిన్లో బిగిసిన లంకె, తొక్కడం ఆపినా మోగితే వెనక చక్రం. కళ్లు మూసుకుని చెప్పేసేవాడు. లోపలి గుట్టు మోసుకెళ్లి ఆయన చెవిలో వేసింది నేనేనని ఎవరికీ తెలియదు లెండి.

ఆ చెవులే మొరాయించాయి. చిన్నప్పుడు చీము కారినవి, యాభై దాటాక తలుపులు మూసుకున్నాయి. మనుషులు చిత్రమైనవాళ్లు. చూపు మందగిస్తే దర్జాగా కళ్లద్దాలు పెట్టుకుంటారు, వినికిడి తగ్గితే మాత్రం ఎదుటివాళ్లు గొణుగుతున్నారంటారు. కాశిమూ అంతే. ఎవరికీ చెప్పకుండా, ఏ సైకిలొచ్చినా "చెయిను మార్చాల" అనడం మొదలెట్టాడు. కొత్త చెయిన్లతో పాత చప్పుళ్లు ఊరంతా తిరిగాయి. నాకు తల కొట్టేసినట్టుండేది.

ఒక మధ్యాహ్నం నర్సు ఫిలోమినా సైకిలు మూడోసారి వచ్చింది.

"కాశిమన్నా, చెయిను మార్చావు, వెనక పళ్లచక్రం మార్చావు. ఇంకా టక్కుటక్కంటానే ఉంది. రేపు పోలియో చుక్కలకి నాలుగూళ్లు తిరగాల. దారిలో ఇరిగిందంటే నా గతేంది?" అని గట్టిగా అడిగింది.

కాశిం నన్ను చెవికి పెట్టుకున్నాడు. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. ఆయన మొహంలో ఏ కదలికా లేదు. అన్నం క్యారేజీ తెచ్చిన భార్య హుసేనమ్మ వైపు తిరిగి, "ఇదే ఆకరి సైకిలు. రేపట్నించి కొట్టు మూసేస్తా. గ్రానైటు ఫ్యాక్టరీలో వాచ్‌మన్ పనుందంట. నా చెవులు పోయినయ్" అన్నాడు. ఇన్నాళ్లకి నిజం బయటికొచ్చింది. ఆ మాట విని నేను కుమిలిపోయాను.

మళ్లీ చెయినే చూద్దామని ఆయన వంగాడు. ఒక చేయి చెయిను మీద, ఒక చేయి పెడలు మీద. రెండు చేతులకీ పనుంటే నన్ను పళ్లతో కరిచిపట్టుకోవడం ఆయనకి మొదటినుంచీ అలవాటు.

"ఆ జిడ్డుదాన్ని నోట్లో పెట్టుకోమాకయ్యా అని నెత్తీ నోరూ బాదుకుంటన్నా ఇంటాడా ఈ మనిషి!" అని హుసేనమ్మ రోజూ పాడే పాటే ఎత్తుకుంది.

సరిగ్గా అప్పుడే నా మొన పెడళ్ల మధ్య ఇరుసు గొట్టానికి తగిలింది. పెడలు తిరిగింది.

టక్.

కాశిం బిగుసుకుపోయాడు. మళ్లీ తిప్పాడు. మళ్లీ టక్. చెవి దారి మూసుకుంటేనేం, పంటి దారిన, దవడ ఎముక మీదుగా నా కబురు లోపలికి చేరింది.

"ఇరుసులో బాల్ పగిలింది!" నన్ను వదలకుండానే అరిచాడు.

విప్పి చూస్తే నిజంగానే బేరింగులో ఒక ఉక్కు బాల్ రెండు చెక్కలై ఉంది. కొత్తవి గ్రీజులో కూర్చి బిగించాడు. ఫిలోమినా బస్టాండు చుట్టూ ఒకసారి తొక్కి వచ్చింది. చప్పుడు లేదు. "చెవుల డాక్టరు దగ్గరికి నేను తీసకపోతా. కొట్టు మూశావంటే మాత్రం ఊరుకోను" అని ఆయనకి వినబడేదాకా రెండుసార్లు అరిచి వెళ్లింది.

వాచ్‌మన్ పనికి వేరెవరో కుదిరారు. నా పిడి నిండా ఇప్పుడు కాశిం పళ్ల గాట్లే. ఈ వయసులో నాకింతకన్నా ఏం కావాలి? రోజూ సాయంత్రం హుసేనమ్మ నన్ను సబ్బు పెట్టి తోముతుంది. పొద్దున్నే కొంగుతో తుడిచి తానే మొగుడి చేతికిస్తుంది.

"ఇదిగో, కడిగా. నోట్లో పెట్టుకో."