పెరట్లో తలుపులు

ఫోనమ్మ పొద్దున్నే ఆఫీసు తాళం తీసి చేసే మొదటి పని ఫోను ఛార్జింగుకి పెట్టడం. రెండోది, పెరట్లోకి వెళ్ళి తలుపులు తుడవడం. ఆ తరవాతే టీ.

ఆఫీసంటే పెద్దదేం కాదు. ఒకప్పుడు సైకిళ్ళ షాపు. ఎండ ముదిరితే ఇప్పటికీ గోడల్లోంచి గ్రీజు వాసన వస్తుంది. గుడివాళ్ళు, మసీదువాళ్ళు, చర్చివాళ్ళు కలిసి పెట్టుకున్న సంఘం అది. అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళని రోడ్డున పడకముందే పట్టుకోవాలన్నది దాని ఉద్దేశం. పడ్డాక ఆదుకునేవాళ్ళు వేరే ఉన్నారు. ఓనర్లకి నచ్చజెప్పడం, గడువు అడగడం, ఇంకో ఇల్లు వెతికిపెట్టడం, ఇవన్నీ ఫోనమ్మ పనులు. ఫోను చెవికి అతుక్కుని పుట్టిందేమో అన్నట్టు ఉంటుంది కాబట్టి ఆ పేరు. అసలు పేరు ఆవిడ మొగుడికైనా గుర్తుందో లేదో.

ఎంత మొత్తుకున్నా ఆ పని ఎప్పుడో ఒకసారి ఫలిస్తుంది. మిగతా అన్నిసార్లూ పెరట్లోకి ఒక తలుపు వస్తుంది.

ఖాళీ చేయించిన ఇంటి తలుపన్నమాట. మనుషుల్ని బయటికి పంపిన రోజు సాయంత్రంలోగా ఆ ఇంటి తలుపు, గుమ్మంతో సహా, సంఘం పెరట్లోకి వచ్చి వెనక గోడకి ఆనుకుని నిలబడుతుంది. రావడం ఎవరూ చూడలేదు. చూద్దామని కాచుకుని కూర్చునేంత తీరిక ఎవరికీ లేదు. కింద అంచుకి మాత్రం వీధి దుమ్ము అంటుకుని ఉంటుంది, దూరం నడిచొచ్చిన చెప్పులకి ఉన్నట్టు. ఓనర్లు కాసేపు విసుక్కుని కొత్త తలుపు పెట్టించుకుంటారు. వడ్రంగులకి చేతినిండా పని. వచ్చిన తలుపు మాత్రం మళ్ళీ ఎక్కడికీ పోదు.

వాటిలో నీలం తలుపు ఒక బస్సు డ్రైవరు కుటుంబానిది. దాని గుమ్మం మీద పిల్లల ఎత్తులు పెన్సిలుతో గీసి ఉన్నాయి. గీతలు ఫోనమ్మ నడుము దగ్గర ఆగిపోయాయి. పిల్లలు మాత్రం ఆగి ఉండరు. ఫోనమ్మ ఆ గీతల మీదికి గుడ్డ పోనివ్వదు.

ఒకసారి ఆ డ్రైవరు భార్య వచ్చి, "మా తలుపు ఇక్కడికేమైనా వచ్చిందా అండీ?" అని అడిగింది. రాలేదమ్మా అని చెప్పేసింది ఫోనమ్మ. సంఘం పెద్దలు ముగ్గురూ కూర్చుని పెట్టుకున్న నియమం అది. తలుపుల్ని వాటి మనుషులకి చూపించకూడదు. ఇల్లు పోయినవాళ్ళకి తలుపు చూపించడమంటే పుండు మీద కారం చల్లడమే కదా, దాని వెనక గోడ తప్ప ఏముందని? దేవుడి సంగతిలో ఏనాడూ ఒక్క మాట మీదికి రాని ముగ్గురూ ఈ ఒక్క విషయంలో ఇట్టే కలిసిపోయారు. అప్పట్నించీ వచ్చేపోయేవాళ్ళుంటే పెరటి గడియ పడే ఉంటుంది.

ఈసారి వచ్చిన కష్టం ఇస్త్రీ అబ్బాయిది. నలభై దాటాయి, అయినా వీధి అందరికీ అబ్బాయే. ముందుగదిలో బల్ల వేసుకుని బట్టలు ఇస్త్రీ చేస్తాడు. తోడు పిన్ని. తల్లి పోయినప్పటినించీ పెంచింది ఆవిడే. పిన్నికి చూపు పోయి చాలాకాలం అయింది గానీ ఆ ఇంట్లో ఉన్నంతసేపూ ఆ సంగతి ఎవరికీ గుర్తు రాదు. కుడిచేత్తో గోడ పట్టుకుంటే మంచం, ఎడమచేత్తో పట్టుకుంటే నీళ్ళబిందె. అబ్బాయి చొక్కా కాల్చబోతుంటే వాసన పట్టి వంటింట్లోంచి కేకేసేది ఆవిడే.

ఓనరు ఆ ఇల్లు కూలగొట్టి షాపులు కట్టించుకుంటానన్నాడు. కోర్టు సరేనంది. గురువారం ఖాళీ చెయ్యాలి.

ఫోనమ్మ ఊరంతా ఫోన్లు చేసింది. ఇస్త్రీ అనగానే కరెంటు ఎక్కువ కాలుతుందన్నారు. చూపులేని మనిషి అనగానే మెట్లు ఎత్తుగా ఉంటాయమ్మా అన్నారు. మెట్లే లేని ఇంటాయన కూడా అదే మాటన్నాడు. ఇక మిగిలింది ఊరిచివర షెల్టరు. అక్కడ మగవాళ్ళకి ఒక హాలు, ఆడవాళ్ళకి ఒక హాలు, మధ్యలో లారీలు తిరిగే రోడ్డు.

"వాడు లేకపోతే నాకు అన్నం ఎక్కడుందో తెలీదు," అంది పిన్ని. "నేను లేకపోతే వాడికి అన్నం తినాలని తెలీదు. కొంచెం చూడమ్మా."

చూస్తానంది ఫోనమ్మ.

చివరి ఆశ పెద్దలు. ముగ్గురూ కలిసి ఓనరు ఇంటికి వెళ్ళి అడగడం సంఘం పద్ధతి. పూజారిగారు, మౌల్వీగారు, ఫాదరుగారు ఒకేసారి గుమ్మంలో కనిపిస్తే ఎంత రాయిలాంటి మనిషైనా కొంచెం కదులుతాడు. మంగళవారం వెళ్ళారు. ఫోనమ్మ వెనకాలే ఉంది.

గుమ్మం దగ్గర ఆగారు.

"మీరు పదండి," అన్నారు పూజారిగారు.

"అబ్బే, పెద్దవారు, మీరు ముందు," అన్నారు మౌల్వీగారు.

"మీ ఇద్దరూ ఉండగా నేనా?" అన్నారు ఫాదరుగారు వెనక్కి జరుగుతూ.

ఒకళ్ళంటే ఒకళ్ళకి అంత గౌరవం. మూడు మతాలవాళ్ళు కలిసి ఇన్నేళ్ళు గొడవపడకుండా ఉండటానికి ఆ మర్యాదే కారణం. అది ఆ గుమ్మంలో ఎంతకీ తెగలేదు. లోపల ఓనరు సోఫాలో కూర్చుని కాసేపు చూశాడు. తరవాత లేచి, చొక్కా మార్చుకుని, బ్యాగు పట్టుకుని వాళ్ళ పక్కనుంచే బయటికి వచ్చాడు.

"నాకు టైమైపోయిందండీ. అయినా కోర్టు చెప్పాక ఇంకేం మాట్లాడతాం? ఊరెళ్తున్నా, వచ్చేవారం కలుద్దాం," అని కారెక్కాడు.

ముగ్గురూ వీధిలో నిలబడిపోయారు. ఫోనమ్మకి ఒళ్ళు మండింది.

"మీ మర్యాదలు చల్లగుండ! ముసలావిడ బతుకంతా ఆ నాలుగు గోడల్లో ఉందయ్యా. లోపలికి ఒక్క కాలు పెట్టలేకపోయారా?"

ఫాదరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆవిడకి ఏడుపొచ్చింది, కానీ వీధిలో ఏడిస్తే వాళ్ళు ఇంకా కుంగిపోతారని ఫోను చెవికి పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటించింది.

గురువారం పొద్దున కోర్టు మనిషి తాళంకప్ప పట్టుకుని వచ్చాడు. చెడ్డవాడేం కాదు. సామాను తనూ ఓ చెయ్యి వేసి బయటపెట్టాడు. పిన్ని గుమ్మం పట్టుకుని వదల్లేదు. అబ్బాయి ఒక్కొక్క వేలే విడదీశాడు. ఫోనమ్మ చేతిలో ఇస్త్రీపెట్టె పెట్టుకుని చూస్తూ ఉంది. ఇన్నేళ్ళ అనుభవం, ఇన్ని నంబర్లు, ముగ్గురు పెద్దలు. చివరికి తను చెయ్యగలిగింది ఒక ఇస్త్రీపెట్టె మొయ్యడం.

షెల్టరు వ్యాను సాయంత్రం వస్తుంది. పెద్దలు ముగ్గురూ వచ్చి, అందాకా సంఘం ఆఫీసులో కూర్చోమన్నారు. మూటలతో ముందుగది నిండిపోయింది. ఉక్క. పిన్ని స్టూలు మీద కూర్చుంటే వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ తగులుకుంటున్నారు. అబ్బాయి బయట వీధిలో బల్ల కాళ్ళు విప్పి తాడు కడుతున్నాడు.

"పెరట్లో అయితే గాలి వస్తుంది," అన్నారు మౌల్వీగారు.

"తలుపులున్నాయి కదండీ," అన్నారు ఫాదరుగారు.

పూజారిగారు గొంతు తగ్గించి, "ఆవిడకి కనపడవుగా," అన్నారు. అనేసి, ఎందుకన్నానా అన్నట్టు తల దించుకున్నారు.

నిజమే కదా అనుకుంది ఫోనమ్మ. పిన్నిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి నీడలో కూర్చోబెట్టి, నీళ్ళు తేవడానికి లోపలికి వచ్చింది. గ్లాసుతో తిరిగి వెళ్ళేసరికి వెనక గోడకి కొత్తగా ఒక తలుపు ఆని ఉంది. కింద అంచున దుమ్ము. కోర్టువాళ్ళ తాళం మాత్రం దానికి లేదు. అది ఆ ఇంటి మెట్టు మీదే పడి ఉందని తరవాత ఎవరో చెప్పారు.

తలుపు గాలికి కిర్రుమంది. పిన్ని తలెత్తింది.

"అదేంటి, మన తలుపు."

ఆవిడని ఆపుదామని ఫోనమ్మ ఒక అడుగు ముందుకి వేసింది. పిన్ని లేచింది. చేతులు ముందుకి చాపి నడిచి, గుమ్మాన్ని తడిమింది, గడియ అందుకుంది. ఆ గుమ్మానికీ వెనక గోడకీ మధ్య బల్లి దూరేంత సందు. ఆ సంగతి ఫోనమ్మకి తెలుసు, ఆఫీసు వెనక గుమ్మంలోకొచ్చి నిలబడ్డ ముగ్గురు పెద్దలకీ తెలుసు. పిన్నికి తెలీదు.

పిన్ని గడియ తీసి, రోజూ వెళ్ళినట్టే లోపలికి వెళ్ళిపోయింది.

లోపల్నించి బిందె మీద మూత కదిలిన చప్పుడైంది. తరవాత పిన్ని గొంతు వినపడింది. "ఒరేయ్, ఎక్కడ తిరుగుతున్నావురా? అన్నం చల్లారిపోతోంది."

అబ్బాయి వీధిలోంచి పరిగెత్తుకొచ్చాడు. తలుపుని చూశాడు. దాని వెనక గోడనీ చూశాడు.

"వస్తావా, రావా?"

"వస్తున్నా పిన్నీ," అన్నాడు. ఆ గుమ్మం ఎప్పుడూ పొట్టిదే. అలవాటు కొద్దీ తల వంచాడు, లోపలికి వెళ్ళాడు. తలుపు మూసుకుంది. కాసేపటికి దాని సందుల్లోంచి వేడి బట్టల వాసన వచ్చింది.

పూజారిగారు మెల్లగా తలుపు నెట్టి చూశారు. గోడ తగిలింది.

ఫోనమ్మ నీళ్ళగ్లాసు పట్టుకుని అక్కడే ఉండిపోయింది. పెరడంతా తలుపులు. రోజూ తుడిచింది. ఎవరైనా వచ్చి అడిగితే జాలిపడి లేవని చెప్పింది.

వ్యాను వచ్చింది. డ్రైవరు హారను కొట్టి, ఎవరూ రాకపోయేసరికి లోపలికే వచ్చాడు.

"ఎవరండీ ఎక్కాల్సింది? ముసలావిడా, ఒక అబ్బాయీ అన్నారు."

"వాళ్ళు ఇంట్లో ఉన్నారు," అంది ఫోనమ్మ. గ్లాసు కింద పెట్టింది. "బాబూ, బస్సు డ్రైవరు ఒకాయన, భార్యా పిల్లలూ. మీ షెల్టర్లో ఉన్నారా?"

"లేకేమండీ. ఆయన ఇటు, ఆవిడ అటు. పెద్దాడు తల్లి దగ్గరే ఉండేవాడు. పొడుగైపోయాడని మొన్ననే మగవాళ్ళ హాల్లోకి మార్చారు. రెండ్రోజులు ఒకటే ఏడుపు."

ఫోనమ్మ నీలం గుమ్మం మీది పెన్సిలు గీతల వంక చూసింది. ఆ బస్సు డ్రైవరు భార్య మొహం ఎలా చూడాలో తెలియలేదు. అయినా వాళ్ళని తీసుకొద్దామని వెళ్ళి వ్యాను ముందుసీట్లో కూర్చుంది. పెద్దలు ముగ్గురూ వెనకాల ఎక్కారు. ఈసారి మీరు ముందంటే మీరు ముందని ఎవరూ అనుకోలేదు.

డ్రైవరు బండి తీయబోతూ పెరటివైపు మెడ చాపి చూశాడు.

"ఆ తలుపుల వెనకాల ఉన్నది గోడే కదండీ?"

"ఆ మాట మాత్రం వాళ్ళ దగ్గర అనకు," అంది ఫోనమ్మ.