చిట్టెమ్మ మోసిన కెమెరా

పొద్దున్నే అంట్లు తోమి, అన్నం వార్చి, ఫోన్లో గింబళ్లు చూస్తూ కూర్చోవడం హెప్సిబాకి అలవాటైపోయింది. తిరువూరు చుట్టుపక్కల తోటలూ సంతలూ వంటలూ చూపించే ఛానెల్ ఆ పిల్లది. కెమెరా మంచిదే, చిన్న మిర్రర్‌లెస్సు. కానీ చేత్తో పట్టుకుని నడిస్తే బొమ్మ ఒకటే ఊగుడు. చూసినవాళ్లు కళ్లు తిరుగుతున్నాయని కామెంట్లు పెట్టేవాళ్లు. కెమెరాని ఊగకుండా పట్టే ఆ కర్ర, అదే గింబల్, లేకపోతే లాభం లేదు.

అందులోనూ రెడ్డిగూడెం మామిడితోట ఆసామి దశరథరామయ్యగారు శనివారం వచ్చి తోటంతా నడుస్తూ వీడియో తియ్యమన్నారు. నచ్చితే సీజనంతా పని ఇస్తామన్నారు. నచ్చకపోతే సోమవారం విజయవాడ బస్సెక్కి బట్టల షాపులో చేరడమే, వాళ్ల నాన్న మాటిచ్చేశాడు. ఆ షాపు తలుచుకుంటేనే పిల్లకి ఏడుపొచ్చేది.

ముందు చవకలో ఒకటి తెప్పించింది. పాపం, అది ఫోన్లు మోసే జాతిది. కెమెరా బిగించగానే గుయ్యిమని మూలిగి, కునికే కోడిలా తల వాల్చేసింది. దాన్ని తిప్పి పంపి, బస్టాండు దగ్గర స్టూడియో నవీన్ కుమార్‌ని అడిగింది. ధర తర్వాత, ముందు బరువు చూడమన్నాడతను. కెమెరా, లెన్సు, మైకు కలిపి తూచి, అంతకన్నా కాస్త ఎక్కువ మోసేదే కొనాలట. వెతగ్గా వెతగ్గా అలాంటిది అందుబాటు ధరలో దొరికింది గానీ, వచ్చేది శనివారం దాటాక, బుధవారం. చేతులు కాలాక ఆకులెందుకు?

గుమ్మంలో వెల్లుల్లి వలుస్తున్న నాయనమ్మ చిట్టెమ్మ ఇదంతా వింటూనే ఉంది.

"ఏది ఎంత మోస్తుందని ఊరందర్నీ అడుగుతున్నావు. నన్నడగవేమే?" అంది.

హెప్సిబా నెత్తి కొట్టుకుంది. చిట్టెమ్మ నెత్తిన పెట్టింది కదలదని తిరువూళ్లో తెలియనిదెవరికి? తట్ట నెత్తినుండగా కాలవ దాటినా ఒక్క కాయ పక్కకి దొర్లదు. కొవ్వొత్తి పెడితే ఎదురుగాలిలోనూ మంట నిలబడే ఉంటుంది. చర్చి క్రిస్మస్ కేకు విస్సన్నపేట నుంచి ఏటా ఆవిడ నెత్తిమీదే వస్తుంది. నిద్రపోని చంటిపిల్లల్ని తల్లులు తట్టలో పెట్టి ఇచ్చిపోతారు. మోకాళ్ల నొప్పులని మేస్త్రి కోతలకి పిలవడం మానేశాక, ఇంట్లోవాళ్లే ఆ సంగతి మర్చిపోయారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా!

శనివారం చిట్టెమ్మ నెత్తిన గుడ్డ చుట్టకుదురు పెట్టి, దాని మీద కెమెరా పెట్టారు. చిట్టెమ్మ చేతులూపుకుంటూ నీటి బోదెలు దాటింది, గట్లెక్కింది, దిగింది. చిక్కాలతో కాయలు కోస్తున్న పాత స్నేహితురాళ్లు, ఈసారి నెత్తిన ఒక్క కాయేనా అని ఆటపట్టించారు. హెప్సిబా కెమెరాకి ఎదురుగా వెనక్కి వెనక్కి నడుస్తూ, కాయల గురించి చెబుతూ, వాళ్ల మాటలకి పకపకా నవ్వింది.

దశరథరామయ్యగారు షెడ్డులో కూర్చుని వీడియో చూశారు. చెట్టుచెట్టూ నిలకడగా కదిలిపోతోంది. ఉన్నట్టుండి ఆపారు.

"అంతా బాగుంది గానీ, ఇక్కడ ఊగిందేంటమ్మా?"

హెప్సిబా వంగి చూసింది. నాయనమ్మ నెత్తిన ఏదైనా ఊగడం పుట్టి బుద్ధెరిగాక చూళ్లేదు. ఊగింది అక్కడొక్కచోటే. ఆ బొమ్మలో తనే ఉంది, కొమ్మల సందున ఎండలో నవ్వుతూ.

చిట్టెమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"అప్పుడు మా పిల్లని చూశానండి. అది అట్టా నవ్వి ఎన్నాళ్లయిందో."

ఆయన వెనక్కి తిప్పి, ఆ ముక్క మళ్లీ చూశారు. తర్వాత, సీజనంతా ఇద్దరూ రావాలనీ, ఆ ముక్క మాత్రం తీసెయ్యొద్దనీ అన్నారు. చిట్టెమ్మ తన కూలి వేరేగా ఇవ్వాలంది. ఆయన నవ్వి సరేనన్నారు.

సోమవారం విజయవాడ బస్సు కదిలేసరికి ఇద్దరూ రెడ్డిగూడెం వెళ్లే ఆటోలో ఉన్నారు. కెమెరా మనవరాలి ఒళ్లో ఉంది. నాయనమ్మ ఒళ్లో పాత చీర చింపి చుట్టిన కొత్త చుట్టకుదురు ఉంది.