దోలినా హాలులో దయ్యం ఓటు

పొయ్యిలో బొగ్గు ఎర్రబడేదాకా చూసి, నెస్తోర్ జేబులోంచి కత్తి తీసి పెన్సిలు చెక్కడం మొదలుపెట్టాడు. ఓటు వేసే అట్టతెర వెనక దారంతో కట్టి ఉంచే పెన్సిలు అది. దోలినా ఊరి హాలుకు ఆయనే కాపలా, ఆయనే ఊడ్చేవాడు, ఆయనే పొయ్యి రాజేసేవాడు. నడుం కొడవలిలా వంగిపోయింది. చెవులు మంచుకు మాడి, ఎండబెట్టిన ఆపిల్ ముక్కల్లా ముడుచుకున్నాయి. చెక్కుతున్నంతసేపూ నాలుక కొస బయటపెట్టడం ఆయనకు అలవాటు.

ఆ రోజు ఎన్నిక. బయట ఫిబ్రవరి గాలి. కెనడాలోని సస్కాచవాన్ మైదానాల గాలి సంగతి చెబితే మీరు నమ్మరు. ఒకసారి పొరుగు రైతు ఓస్తాప్ తన కుక్కను కేకేస్తే, ఆ కేకను గాలి ఎత్తుకుపోయింది. సాయంత్రానికి పక్క ఊరి కుక్కలన్నీ వచ్చి అతని గుమ్మంలో కూర్చున్నాయి.

ఆ నియోజకవర్గమూ అలాంటిదే. పొద్దున బయల్దేరితే పొద్దుగూకినా అవతలి కొస రాదు, గోధుమ చేలు తప్ప ఏమీ కనబడవు. నీలం పార్టీ గడ్డిబొమ్మకు కోటు తొడిగి నిలబెట్టినా అక్కడ గెలుస్తుంది. ఎర్ర పార్టీవాళ్ళు ఓడిపోవడానికే పుట్టినట్టు వచ్చి, ఓడిపోయి, చేతులు కలిపి వెళ్ళిపోతారు. దోలినా హాలు డబ్బాలో అన్నీ నీలం ఓట్లే. ఒక్కటి తప్ప.

ఏ ఎన్నికకైనా అదే, ఒకే ఒక్క ఎర్ర ఓటు. మొదట బడిపంతులిదన్నారు. ఆయన బదిలీ మీద వెళ్ళాడు, ఓటు మిగిలింది. స్టేషను మాస్టరుదన్నారు. రైలే రావడం మానేసింది, ఓటు మానలేదు. చివరికి విసుగొచ్చి దయ్యం ఓటని పేరు పెట్టేశారు.

ఆ దయ్యం ఎవరో నెస్తోర్‌కు తెలుసు. పెళ్ళయిన నాటి నుంచి దానితోనే కాపురం చేశాడు.

అది ఆయన భార్య మలంకా. ఆమె చిన్నప్పుడు, మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, ఉక్రెయిన్ నుంచి వచ్చినవాళ్ళను శత్రుదేశం మనుషులన్నారు. అప్పటి నీలం ప్రభుత్వం చాలామంది ఓటు లాగేసుకుంది. ఆదివారపు కోటు తొడుక్కుని ఓటు వేయబోయిన ఆమె తండ్రిని గుమ్మంలోంచే తిప్పి పంపారు. ఆ రోజు ఆయన చెయ్యి పట్టుకుని నడిచిన పిల్ల మలంకా. అందుకే ఆమె ఎర్ర పార్టీకి వేసేది. గీత ఎంత కసిగా గీసేదంటే, కాగితం చిల్లి పడేది, పెన్సిలు మొన పుటుక్కున విరిగేది. ఆమె బయటికి రాగానే నెస్తోర్ కత్తి పట్టుకుని తెర వెనక్కి వెళ్ళేవాడు.

"నీ ఓటూ నా ఓటూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కదే. వెచ్చగా ఇంట్లో పడుకుందాం," అనేవాడు ఆయన. తను నీలం పార్టీ మనిషి.

"నువ్వు పడుకో. నేను వేసొస్తా," అనేది ఆమె.

ఇద్దరూ ఒకే బండిలో వచ్చేవాళ్ళు.

మొన్న గోధుమ కోతలప్పుడు మలంకా పోయింది. ఈ సాయంత్రం డబ్బా తెరిస్తే ఆ ఒక్కటీ ఉండదు. మలంకా తండ్రిని ఇంకోసారి గుమ్మంలోంచి తిప్పి పంపినట్టే. అదే నెస్తోర్ గుండెలో ముల్లులా గుచ్చుకుంటోంది.

మధ్యాహ్నం ఓస్తాప్ బూట్ల మంచు దులుపుకుంటూ వచ్చాడు. వరసేమీ లేకపోయినా నెస్తోర్‌ను బావా అంటాడు.

"ఏం బావా, దయ్యం వచ్చెళ్ళిందా?"

"వచ్చింది. నీ మొహం చూసి పారిపోయింది."

"ఈసారి రాదులే. ఈ చలికి దయ్యాలకు కూడా మోకాళ్ళు పట్టేస్తాయి."

నెస్తోర్ పొయ్యి వైపు తిరిగాడు. ఎడమ చెయ్యి రుద్దుకున్నాడు. పొద్దుటి నుంచీ లాగుతూనే ఉంది.

కాపలావాడు అందరికన్నా చివర ఓటు వేయడం అక్కడి ఆనవాయితీ. తలుపు మూసే వేళకు ఆయన తెర వెనక పెన్సిలు మళ్ళీ చెక్కి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఎర్ర పార్టీ పేరు పక్కన గీత పెట్టాడు. మలంకాలాగా నొక్కాలని చూశాడు. చెయ్యి సహకరించలేదు. సాలెపోగులా సన్నటి గీత పడింది. మొన చెక్కుచెదరలేదు.

"నా వల్ల ఇంతే అయిందే," అని గొణిగి, కాగితం డబ్బాలో వేసి వచ్చి పొయ్యి పక్క కుర్చీలో కూర్చున్నాడు.

పోస్టాఫీసులో పనిచేసే పరాస్కా ఎన్నికల పనీ చూస్తుంది. ఆమె ఒక్కో కాగితమే విప్పి చదువుతోంది. "నీలం... నీలం... ఇదీ నీలమే..." నెస్తోర్ కళ్ళు మూసుకుని వింటున్నాడు.

"ఎర్ర. అబ్బ, కంటికి ఆనడమే లేదు. ఎలుక తోకతో గీసినట్టుంది."

"వచ్చిందర్రా మన దయ్యం. పాపం, ముసలిదైపోయింది," అన్నాడు ఓస్తాప్. హాలంతా నవ్వింది. నెస్తోర్ పొద్దుటి నుంచి బిగబట్టుకున్న ఊపిరి మెల్లగా వదిలాడు.

పరాస్కా చివరి కాగితం విప్పింది. విప్పి, చదవకుండా దీపానికి ఎదురుగా పట్టుకుంది. గీత మధ్యలో చిల్లి. అందులోంచి వెలుగు వచ్చి ఆమె బుగ్గ మీద పడింది.

"ఇదీ ఎర్రే," అంది.

హాల్లోవాళ్ళు ఆ చిల్లి చూడ్డానికి ముందుకు వంగారు. ఓస్తాపే, "దయ్యానికి తోడు దొరికినట్టుంది. ఏమంటావు బావా?" అని వెనక్కి తిరిగాడు.

పొయ్యి వైపు తల వాల్చుకుని కూర్చున్న నెస్తోర్ ఏమీ అనలేదు. దగ్గరికొచ్చి భుజం తట్టినా అనలేదు.

ఆ రోజు ఓటేసినవాళ్ళ పేర్లకూ డబ్బాలోని కాగితాలకూ లెక్క సరిపోయిందా అని అడిగితే, పరాస్కా ఈనాటికీ మాట మార్చి చలి గురించి మాట్లాడుతుంది.

ఆయన శవాన్ని ట్రక్కులో తీసుకెళ్ళాక ఆమె ఒక్కతే తెర విప్పడానికి వెళ్ళింది. నెస్తోర్ తరవాత అక్కడ అడుగు పెట్టినవాళ్ళు లేరు. బల్ల మీద ఆయన చెక్కిన పొట్టు చిన్న కుప్పగా ఉంది. దాని పక్కనే, దారానికి కట్టి, మొన విరిగిన పెన్సిలు.