జల్లెడ కింది శనగలు

"ఈ శనివారం ఇంట్లో ఉన్న బస్తాలు సంతకు పోకపోతే పురుగు పడుతుంది. అప్పుడు నీ పంతం వండుకు తిందామా?" గుటెమా ఆ మాట అనడం పొద్దున్నుంచి మూడోసారి.

అతని పెళ్లాం వర్కిటు కాఫీ గింజలు వేయిస్తూ తలెత్తలేదు. "పురుగు తింటే తిననీ. బెకెలె తినకూడదు."

మూల పీట మీద అత్త డింకె కూర్చుని ఉంది. కుడిచేతి వేళ్లకు గుడ్డ కట్టు.

మొన్న సంతలో షావుకారు బెకెలె మనిషి వాళ్ల శనగలు జల్లించాడు. లావు శనగకు చేసిన జల్లెడ అది, కన్నాలు పెద్దవి. ఈ నల్లరేగడిలో పండేదేమో సన్న శనగ. మూడు బస్తాలు పోస్తే ఒక బస్తా కిందికి రాలింది. "కిందిది మట్టి, ముసలమ్మా. మట్టికి ధర లేదు" అన్నాడు వాడు. ధర లేకపోతే నా మట్టి నాకివ్వమని డింకె వంగి గుప్పిట పట్టింది. వాడు ఆ గుప్పిటను బూటుతో తొక్కాడు. సంతంతా చూసింది. గుటెమా కూడా చూసి, మారు మాటాడకుండా మిగిలిన రెండు బస్తాలు తూకానికి మోశాడు.

ఆ మట్టే మర్నాడు బెకెలె మరలో పడి షిరో కూర కాచే పిండిగా మారడం వర్కిటు కళ్లారా చూసింది.

కాఫీ వాసనకు ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చేరారు. వాళ్ల మగవాళ్లు గుమ్మం దగ్గర నిలబడ్డారు.

మొదటి కప్పుకు తిట్లు అయ్యాయి. "మా ఆయనకు ఇంట్లో అరిచే నోరు, సంతలో ఇకిలించే పళ్లు" అంది పక్కింటి లోమీ. గుమ్మంలో ఆమె మొగుడు తల దించుకున్నాడు.

రెండో కప్పుకు వాదన మొదలైంది.

"కొనేది వాడొక్కడే. ఎన్నాళ్లు దాస్తాం?" అన్నాడు గుటెమా.

"పురుగే వాడి దళారీ. అది లోపల తొలుస్తుంటే మనమే పరిగెత్తుకొస్తామని వాడి ధీమా" అంది వర్కిటు.

డింకె అప్పుడు నోరు విప్పింది. "వేయించి పప్పు చేస్తే పురుగు అంత తొందరగా ముట్టదురా. పప్పుకు వాడి జల్లెడా అక్కర్లేదు."

"కొనేదెవరమ్మా?" అన్నాడు గుటెమా.

"పట్నంలో షిరో వండని పొయ్యి ఉందా? పిండి విసిరి మేమే మోసుకెళ్తాం" అంది లోమీ. "శనివారానికి లారీ నిండా గింజ పంపిస్తానని ఓడరేవు వాళ్లకు మాటిచ్చాడు బెకెలె. వాడి మాట వాడే మింగుతాడు."

మూడో కప్పు దీవెన కప్పు. అది తాగకుండా ఎవరూ లేవరు. వర్కిటు ముందు అత్త ఎడమచేతికి అందించి, తర్వాత మొగుడికీ వచ్చినవాళ్లందరికీ పోసింది.

"విత్తనానికి తప్ప ఈ ఇంటి శనగ గింజగా గడప దాటదు. ఇందాకే ఒక బస్తా విప్పి తిరగలి దగ్గర పెట్టాను. ఆడవాళ్లం ముందే అనుకున్నాం, ఊళ్లో నలభై ఇళ్లదీ ఇదే మాట" అంది, గొంతు పెంచకుండా. "శనివారం అందరం సంతకు పోతున్నాం, ఉత్త చేతులతో. వాడి జల్లెడ కింద నలభై చేతులు నేల మీద పెడతాం. ఈసారి బూటు లేచిందంటే, ఆ కాలు మళ్లీ నేలకు ఆనదు."

వర్కిటు అందరి కప్పులవైపూ చూసింది.

"చల్లారిపోతోంది, తాగండి" అంది.